మట్టిల్లు వయసెంత, గోడ కాళ్లెందుకు కరుగుతాయి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గోదావరి డెల్టాలో కాలువలు తవ్వాక వచ్చి స్థిరపడ్డ తొలి కుటుంబాల పచ్చి ఇటుకల ఇళ్లు ఇంకా అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. వాటి గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం. ఇంటి చరిత్ర అడిగినవాళ్లూ మరమ్మతు అడిగినవాళ్లూ వేరువేరుగా రాశారు గానీ రెంటికీ చూడాల్సింది అదే గోడ.

*ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండీ. పచ్చి ఇటుకల గోడలు, పైన బంగాళా పెంకు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టే రోజుల్లో మా తాతగారి తాత ఇక్కడికొచ్చారనీ, ఊళ్లో మొదటి ఇల్లు ఇదేననీ మావాళ్లంటారు. కొన్ని పెంకుల మీద ఇంగ్లీషులో 1865 అని అచ్చు ఉంది. ఇల్లు ఆ ఏడాదిదేననుకోవచ్చా?*

జవాబు: అనుకోకూడదు. ఆ అంకె చాలామందిని తప్పుదారి పట్టించింది. మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది 1865. ఆ తర్వాత దశాబ్దాల పాటు తయారైన పెంకుల మీద కూడా ఆ స్థాపన సంవత్సరాన్నే అచ్చు వేస్తూ వచ్చారు. పెంకు మీద 1865 ఉంటే అది 1865కి ముందుది కాదని మాత్రమే తెలుస్తుంది. పైగా పెంకు వయసు వేరు, గోడ వయసు వేరు.

మీవాళ్లు చెప్పే మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. కుటుంబం వచ్చిన కాలం ఒకటి, ఇప్పుడున్న ఇల్లు కట్టిన కాలం ఇంకొకటి. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు 1832-33 నాటి నందన కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. ఆనకట్ట అయిన మర్నాడే ఊరూరికీ నీళ్లు రాలేదు. పెద్ద కాలువలు, పిల్ల కాలువలు ఏళ్ల తరబడి తవ్వుతూ పోయారు. అలా వచ్చిన కుటుంబం దిగీ దిగగానే ఇటుకలు కోసుకుంటూ కూర్చోదు. ముందు తాటాకు పాక వేసుకుంటుంది. నాలుగు పంటలు చేతికొచ్చాక మట్టి గోడలు లేస్తాయి, వాటి మీద మళ్లీ తాటాకే. పెంకు ఎక్కేది తర్వాతి తరంలో. అందుకని మీ ఇల్లు ఎప్పటిది అన్నదానికి ఒక్క ఏడాది జవాబు కాదు, ఒక్కో భాగానికీ ఒక్కో వయసు ఉంటుంది.

దాన్ని చదవడం ఎలాగంటే, ముందు టార్చిలైటు పట్టుకుని అటకెక్కండి. పక్క గోడలు పైన త్రికోణంలా కలిసే చోట లోపలి వైపు చూడండి. తాటాకు కప్పుకి వాలు ఎక్కువ కావాలి, దాదాపు 45 డిగ్రీలు. అంటే 12 అడుగులు అడ్డంగా పోతే 12 అడుగులు లేవాలి. బంగాళా పెంకుకి 30 డిగ్రీలు చాలు, 12 అడుగులకి 7 అడుగులు లేస్తే సరిపోతుంది. గోడ మీద పాత నిటారు వాలు గీత కనబడి, దాని పైభాగం కోసేసినట్టో, పక్కల్లో వేరే రకం ఇటుకతో పూడ్చినట్టో ఉంటే ఆ ఇల్లు మొదట తాటాకు ఇల్లే. గోడకి పట్టిన పొగ మసి కూడా ఆ పాత గీత దగ్గర ఆగిపోతుంది.

తర్వాత ద్వారబంధం. పై కమ్మీ మీద తెలుగు సంవత్సరం పేరు చెక్కించే అలవాటు ఉండేది. అయితే ఆ పేరు 60 ఏళ్లకోసారి తిరిగొస్తుంది. 'ప్లవంగ' అని ఉంటే 1847-48 కావచ్చు, 1907-08 కావచ్చు, 1967-68 కూడా కావచ్చు. అందులో ఏది అన్నది తక్కిన ఆధారాలు తేల్చాలి. పక్కన ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) అంకె ఉంటే మీ పంట పండినట్టే. ఫసలీకి 590 కలిపితే అది ఏ ఇంగ్లీషు సంవత్సరం జులైలో మొదలైందో తెలుస్తుంది. ఫసలీ 1317 అంటే 1907 జులై నుంచి 1908 జూన్ దాకా. కాకపోతే ద్వారబంధాలకి కాళ్లుంటాయి. పడిపోయిన ఇంటి గుమ్మం కొనుక్కొచ్చి కొత్తింటికి పెట్టుకోవడం మామూలే. బంధం చుట్టూ గోడలో ఇటుకలు వరస తప్పకుండా వచ్చి ఆనుకున్నాయా, లేక గోడని తొలిచి దూర్చి చుట్టూ మట్టితో పూడ్చారా చూడండి. దూర్చినదైతే దాని మీది ఏడాది గోడకి చెల్లదు.

మేకులు కూడా సాక్ష్యం చెబుతాయి. దూలాలు, వాసాలు చెక్క చీలలతో బిగించి ఉంటే, లేదా కమ్మరి కొట్టిన నలుపలకల మేకులుంటే పాతపని. నున్నటి గుండ్రటి తీగ మేకులుంటే ఆ భాగం తర్వాతిది. ఇనుప దూలం ఉంటే నడుం మీద పోత అక్షరాల కోసం సున్నం గోకి చూడండి. టాటా అని ఉంటే 1912కి ముందుది కాదు, వాళ్ల కర్మాగారంలో ఉక్కు వచ్చింది ఆ ఏడాదే.

చివరగా పెద్దవాళ్ల జ్ఞాపకం. ఏ సంవత్సరం అని అడిగితే తడుముకుంటారు. "వరదకి ముందా, తర్వాతా?" అని అడగండి. 1953, 1986 గోదావరి వరదలు, 1996 నవంబరు తుపాను, పుష్కరాలు మంచి గుర్తులు. పుష్కరాల లెక్కలో ఒక చిక్కుంది. 2015, 2003, 1991 అంటూ 12 చొప్పున వెనక్కి పోతాం గానీ బృహస్పతి చుట్టు తిరగడానికి పట్టేది 12 ఏళ్ల కంటే కాస్త తక్కువ. ఏడెనిమిది పుష్కరాలు వెనక్కి వెళ్లేసరికి ఏడాది తేడా వచ్చేస్తుంది.

ఇదంతా చూశాక "గోడలు ఫలానా ఇరవై ఏళ్ల మధ్య, పెంకు ఫలానా తర్వాత, వంటిల్లు 1986 వరదకి తర్వాత" అని భాగాల వారీగా రాసి పెట్టుకోండి. ఒకే ఏడాది రాసి పాలరాతి ఫలకం చెక్కించేస్తే మీ మనవలు దాన్నే నమ్ముతారు.

*ప్రశ్న: మా ఇల్లు భీమవరం దగ్గర గ్రామకంఠంలో ఉంది. రెవెన్యూ రికార్డుల్లో మా పేరే కనబడటం లేదు. ఇంట్లో దొరికిన ఒక పాత దస్తావేజులో మాది కృష్ణా జిల్లా అని ఉంది. ఇది మా ఇంటిదేనా అని సందేహం.*

జవాబు: మీదే అయ్యుండొచ్చు. 1859లో గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు మీ ప్రాంతం అందులో ఉండేది. 1904లో ఏటికి పడమటి తాలూకాలని కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో వాటితో పశ్చిమ గోదావరి జిల్లా పుట్టింది. కాబట్టి భీమవరం, నరసాపురం, తణుకు వైపు దస్తావేజులో 'కృష్ణా జిల్లా' అని ఉంటే అది 1904-1925 మధ్యదని దాదాపు తేలిపోయినట్టే. అమలాపురం వైపు దస్తావేజుల్లో ఈ తిరకాసు లేదు. అక్కడ గోదావరి జిల్లా, 1925 తర్వాత తూర్పు గోదావరి, 2022 నుంచి కోనసీమ.

కాగితం చిరిగి తేదీ పోయినా స్టాంపు మీది బొమ్మ చూడండి. విక్టోరియా రాణి అయితే 1901 ముందు, ఏడో ఎడ్వర్డు 1901-1910, అయిదో జార్జి 1910-1936, ఆ తర్వాత ఆరో జార్జి. పాత స్టాంపు కాగితాలు అయిపోయేదాకా అమ్ముతారు గనక ఏడాది రెండేళ్లు అటూఇటూ వదిలిపెట్టండి. కాగితం వెనక వైపు స్టాంపు వెండరు రాసిన కొనుగోలుదారు పేరు, ఊరు, తేదీ తరచు చెక్కుచెదరకుండా ఉంటాయి. అందరూ ముందు వైపే చూసి పక్కన పెట్టేస్తారు.

ఇక గ్రామకంఠం. పాత సర్వే రికార్డుల్లో ఊరి నివేశన స్థలమంతా ఒకటో రెండో నంబర్ల కింద ఉంటుంది, ఇంటింటికీ విడిగా నంబరు ఉండదు. అడంగల్‌లో (ఊరి భూముల రిజిస్టరులో) మీ పేరు లేకపోవడం మీ తప్పూ కాదు, గుమస్తా తప్పూ కాదు. మీరు వెతకాల్సింది పంచాయతీ ఇంటి పన్ను డిమాండు రిజిస్టరు, అన్నదమ్ముల పంపకాల దస్తావేజులు, పక్కింటివాళ్ల దస్తావేజుల్లో హద్దులు. ఈ మూడోది ఎవరికీ తట్టదు. పక్కింటి విక్రయ పత్రంలో "తూర్పు హద్దు ఫలానావారి పెంకుటిల్లు" అని ఉంటే, ఆ తేదీ నాటికే మీ ఇల్లు ఉందనీ, అప్పటికే పెంకు ఎక్కిందనీ ఒక్క వాక్యంతో రుజువైంది. ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) కంప్యూటర్లో తీస్తే 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పాత పుస్తకాల వెతుకులాటకి దరఖాస్తు పెట్టాలి. పేర్లు, ఊరు, సుమారు ఏళ్లు ఇవ్వాలి. ఇరవై ఏళ్ల కంటే ఎక్కువ వ్యవధికి అడిగితే పని సాగదు. అందుకే ముందు గోడ చదివి, తర్వాత కాగితం వెతకమంటాం.

వంశవృక్షంలో పేర్లు తెగిపోతే కాశీ, గయల్లో పండాల దగ్గరుండే పద్దు పుస్తకాలు ఒక దారి. మీ తాతముత్తాతలు ఎవరైనా పిండప్రదానానికి వెళ్లి ఉంటే ఊరి పేరుతో వెతికి చూపిస్తారు.

*ప్రశ్న: ముమ్మిడివరం వైపు మాది. నాన్నగారు పన్నెండేళ్ల కిందట మట్టి గోడలకి బయటా లోపలా సిమెంటు ప్లాస్టరింగు చేయించారు. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు కింద రెండడుగుల మేర బోలుగా మోగుతోంది, పెచ్చులూడి లోపల మట్టి పిండిలా రాలుతోంది. మేస్త్రి ఇంకో కోటింగు వేస్తే సరిపోతుందంటున్నాడు.*

జవాబు: వెయ్యనివ్వకండి. డెల్టాలో మట్టి గోడలు కూలడానికి వరద కంటే, చెదల కంటే సిమెంటే పెద్ద కారణమని మా అభిప్రాయం.

మట్టి గోడ ఎప్పుడూ కొంత తడిగానే ఉంటుంది. మన నేలలో కాలువలు పారుతున్నంత కాలం నీరు నాలుగైదడుగుల లోతులోనే ఉంటుంది కాబట్టి చెమ్మ పునాది గుండా పైకి పాకుతూనే ఉంటుంది. మట్టి పూత ఉన్నప్పుడు ఆ చెమ్మ గాలికి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. బయటికి రాలేని చెమ్మ ఇంకా పైకెక్కుతుంది, ఇటుక అడుసవుతుంది, గోడ కాళ్లు కరుగుతాయి. పైన ప్లాస్టరింగు నిక్కచ్చిగా కనబడుతూనే ఉంటుంది కాబట్టి లోపల జరిగేది తెలియదు. ఎండకి సిమెంటు సాగే తీరు వేరు, మట్టి సాగే తీరు వేరు. సన్నని పగుళ్లు వచ్చి వాటిలోంచి వాన నీరు లోపలికి పోతుంది గానీ మళ్లీ బయటికి రాదు.

చేయాల్సింది ఇది. ఫిబ్రవరిలో మొదలుపెట్టండి. కాలువలు కట్టేసే వేసవికి గోడ తెరిచి ఉండాలి. సుత్తితో బాదొద్దు, ఆ దెబ్బకి లోపలి ఇటుక చెదురుతుంది. కటింగ్ మిషన్‌తో ప్లాస్టరింగు మందం వరకే అడుగు చదరాలుగా గీతలు కోసి, పలక ఉలి దూర్చి ఒక్కో ముక్కా మెల్లగా లేపండి. బోలుగా మోగేవి ఇట్టే వస్తాయి. గట్టిగా అంటుకున్న చోట లాగితే మట్టి కూడా ఊడుతుంది కాబట్టి దాన్ని వచ్చే ఏడాదికి వదిలేయండి. ముందు బయటి వైపు కింద మూడడుగులు చాలు. రెండు నెలలు ఆరనివ్వండి. మేలో వేలితో నొక్కితే పొడిగా, గట్టిగా తగలాలి.

కింద గోడ మందంలో మూడో వంతు కంటే ఎక్కువ తినేసి ఉంటే ముట్టుకునే ముందే దూలాల కింద పోట్లు (ఊత కర్రలు) పెట్టించండి, ఇంజనీరుకి చూపించండి. అంతకంటే తక్కువైతే పాడైన చోట కొత్త పచ్చి ఇటుకతో పూడ్చొచ్చు. ఒకేసారి మూడడుగుల కంటే ఎక్కువ పొడవు తవ్వకూడదు. ఒక ముక్క కట్టాక పక్కది వదిలి ఆ అవతలిది పట్టుకోండి. వారం గడిచాక మధ్యలోది. వరసపెట్టి తవ్వుకుంటూ పోతే పై గోడ కూర్చుంటుంది. ప్రాణాలకే ప్రమాదం.

తర్వాత మట్టి పూతే: జల్లించిన మట్టి-ఇసుక మిశ్రమం 4 పాళ్లు, పేడ 1 పాలు, సన్నగా తరిగిన గడ్డి. అర అంగుళం చొప్పున రెండు పూతలు, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. పైన పల్చటి సున్నం రెండు మూడు సార్లు. ప్లాస్టిక్ పెయింటు వేశారంటే సిమెంటు తీసిన శ్రమంతా వృథా, అది కూడా దారి మూసేదే.

ఇంకొక సంగతి మీరు రాయలేదు గానీ అడగాలి. మీ ఇంటి ముందు సిమెంటు రోడ్డు ఎత్తు ఎంత? పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తూ పోవడంతో ఒకప్పుడు అరుగెక్కి ఇంట్లోకి వెళ్లిన ఊళ్లలో ఇప్పుడు రోడ్డు మీంచి ఇంట్లోకి దిగుతున్నారు. అదే అయితే గోడకి మూడడుగుల ఎడంగా అడుగున్నర లోతు కందకం తీసి కంకర నింపి, పల్లానికి దారి చూపండి. గోడకి ఆనించి కాంక్రీటు చప్టా వేయకండి. చప్టా కింది చెమ్మ గోడలోకే ఎక్కుతుంది.

*ప్రశ్న: కపిలేశ్వరపురం నుంచి. వరండా గోడ ఒక పక్క 10 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు కొత్తగా కట్టాలి. మందం అడుగున్నర. పచ్చి ఇటుక కోసేవాళ్లు ఎవరూ దొరకడం లేదు. మేమే కోసుకోగలమా? ఎన్ని కావాలి?*

జవాబు: కోసుకోగలరు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత ఇక్కడ చెల్లదు, తొక్కాల్సిందే.

లెక్క ముందు. 10 × 3 × 1½ అంటే 45 ఘనపుటడుగులు. ఇటుక 12 × 6 × 4 అంగుళాలనుకుంటే అర అంగుళం అడుసుతో కలిపి సుమారు 213 ఇటుకలు పడతాయి. విరిగేవి, పగిలేవి చేర్చి 235 కోయండి. ఒక్కోటి ఆరాక 8 కిలోల దాకా తూగుతుంది. ఇటుకలకీ అడుసుకీ కలిపి వదులు మట్టి, ఇసుక మొత్తం 70 ఘనపుటడుగులు కావాలి. ఒక ట్రాక్టరు తొట్టె లోపే. మొదలుపెట్టేముందు మీ పాత ఇటుక ఒకటి కొలవండి. దాని కొలతే అచ్చుకి పెట్టుకుంటే వరసలు కలుస్తాయి, అప్పుడు సంఖ్య కూడా మారుతుంది.

అసలు పని మట్టిలో ఉంది. పైన జానెడు మట్టిలో వేళ్లు, చెత్త ఉంటాయి కాబట్టి అది తీసేసి కిందిది తీసుకోండి. తిన్నటి గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి కదల్చకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో దిగుతుంది, ఒండ్రు గంటా రెండు గంటల్లో, బంక మట్టి మర్నాటికి. మూడు పొరల ఎత్తూ కొలవండి. బంక 15 నుంచి 25 శాతం, ఇసుక సగానికి పైన ఉండాలి. నల్లరేగడిలో బంక సగం దాకా ఉంటుంది. అది తడికి ఉబ్బి, ఎండకి నెర్రెలిస్తుంది. అలాంటప్పుడు ఒక తట్ట మట్టికి ఒకటిన్నర తట్టల ఏటి ఇసుక కలిపితే బంక 20 శాతానికి దిగుతుంది. లంక మట్టిలో ఒండ్రు ఎక్కువ, బంక తక్కువ. అది ఆరాక చేత్తో నలిపితే పొడవుతుంది. దానికి నల్లమట్టి కలపాలి. సముద్రపు ఇసుక, ఉప్పు బోరు నీళ్లు దగ్గరికి రానీయకండి.

మట్టిని గుంటలో పోసి నీళ్లు పెట్టి మూడు రోజులు నాననివ్వండి. మూడంగుళాల ముక్కలుగా తరిగిన వరిగడ్డి, 35 ఘనపుటడుగుల మట్టికి 10 నుంచి 15 కిలోలు చల్లి తొక్కండి. ఇంకో మూడు నాలుగు రోజులు మాగనిచ్చి మళ్లీ తొక్కండి. గడ్డి కాస్త మాగితే మట్టికి జిగురొస్తుంది. అచ్చు ఎత్తగానే ఇటుక జారిపోతే నీళ్లెక్కువ. అచ్చుకే అంటుకుంటే లోపల తడిపి ఇసుక చల్లుకోండి.

ముందు నాలుగైదు ఇటుకలే కోసి చూడండి. ఆరాక 12 అంగుళాల పొడవు అర అంగుళం కంటే ఎక్కువ తగ్గితే ఇంకా ఇసుక కావాలి. ఆరిన ఇటుకని నడుం ఎత్తు నుంచి మూలగా నేల మీదికి వదలండి. మూల కాస్త చిట్లితే ఫరవాలేదు, రెండు మూడు ముక్కలైతే మిశ్రమం మార్చాలి. ఈ పరీక్షకి వారం పోతుందని చాలామంది వదిలేస్తారు, తర్వాత 235 ఇటుకలూ నెర్రెలిస్తే తల పట్టుకుంటారు.

ఆరబెట్టడం: మూడు నాలుగు రోజులు పడుకోబెట్టి, తర్వాత నిలువుగా, మొత్తం నాలుగు వారాలు. మొదటి రెండు రోజులు తాటాకు నీడ కావాలి. నేరుగా ఎండ తగిలితే పైన ఆరి లోపల తడి ఉండి పగులుతుంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే మార్చి నాటికి కట్టుబడికి వస్తాయి. కట్టేటప్పుడు గడ్డి లేని అదే మట్టి, కొంచెం ఇసుక ఎక్కువగా, అడుసుగా వాడండి. ఇటుకకి నీళ్లు చిలకరిస్తే చాలు, కాల్చిన ఇటుకలా నీళ్లలో ముంచితే చేతిలోనే కరిగిపోతుంది. రోజుకి రెండడుగుల కంటే ఎత్తు లేపకండి.

*ప్రశ్న: ఆకివీడు దగ్గర మా ఇంటి వెనకే రొయ్యల చెరువులు తవ్వారు. రెండేళ్లుగా గోడ మీద తెల్లటి ఉప్పు తేలుతోంది. కడిగినా పోవడం లేదు.*

జవాబు: కడగడమే పొరపాటు. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో రాల్చి, కింద సంచీ పరిచి పట్టి, దూరంగా పారబోయండి. చెమ్మతో పాటు వచ్చిన ఉప్పు గోడ పైపొరలో గడ్డకట్టి ఉబ్బినప్పుడల్లా మట్టి రేణువుల్ని నెట్టేస్తుంది. ఎండిన రోజున పొడి రాలిపడేదీ, ముసురు రోజున గోడ చెమటలు పట్టేదీ అందుకే. గోడలో చేరిన ఉప్పు పూర్తిగా పోదు. కింది మూడడుగుల్లో సున్నం లేని మెత్తటి మట్టి పూత వేసి, ఉప్పుని అది పీల్చుకోనివ్వండి. ఏటా వేసవిలో ఆ పూత గోకి పారేసి కొత్తది వేయండి. పూతని బలి ఇచ్చి గోడని దక్కించుకోవడం అన్నమాట. గోకిన మట్టిని మళ్లీ కలిపి వాడొద్దు. చెరువుకీ ఇంటికీ మధ్య లోతైన మురుగు కోడు ఉంటే ఊట తగ్గుతుంది, అది మాత్రం పక్కవాళ్లతో, పంచాయతీతో మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన పని.

*ప్రశ్న: పెంకు తీసేసి మట్టి గోడల మీద స్లాబు వేయొచ్చా?*

జవాబు: వద్దు. నాలుగంగుళాల స్లాబు చదరపు మీటరుకి 250 కిలోలు. బంగాళా పెంకు 65 నుంచి 70 కిలోలు. ఆ బరువు కింద తడిసిన గోడ నిలవదు. స్లాబే కావాలంటే విడిగా స్తంభాలు, వాటికి విడిగా పునాదులు లేపాలి. అప్పుడది వేరే ఇల్లు.

*ప్రశ్న: పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. వరద నీరు రెండు రోజులు ఇంట్లో రెండడుగులు నిలిచి తీసింది. గోడ నిలబడే ఉంది. లోపలికి వెళ్లొచ్చా?*

జవాబు: వెంటనే వద్దు. నీళ్లున్నప్పుడు బయటి నీరు, లోపలి నీరు గోడని రెండు వైపులా ఆసరాగా పట్టుకుని ఉంటాయి. నీరు తీశాక నానిన గోడ ఒంటరిగా బరువు మోయాలి. పడిపోయేవి ఎక్కువగా అప్పుడే. పైకప్పుని మోస్తున్నది గోడా, స్తంభాలా అన్నది ముందు బయట నుంచే చూడండి. నిట్టాళ్ల మీద కప్పు నిలిచిన ఇల్లయితే గోడ పడినా కప్పు ఆగుతుంది. గోడ మీదే దూలాలు ఉంటే నీరు తీసి వారం గడిచేదాకా లోపల పడుకోవద్దు. దారానికి బరువు కట్టి గోడ పక్కన వేలాడదీయండి. రోజూ అదే చోట ఎడం కొలవండి. పెరుగుతోందంటే పోట్లు పెట్టాల్సిందే. గోడ దగ్గర పేరుకున్న ఒండ్రు ఎత్తిపోయడానికి తొందరపడొద్దు, కొన్నాళ్లు అది గోడ కాళ్లకి ఆసరా. తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి. నిప్పులు పెట్టి ఆరబెట్టొద్దు, పైపొర త్వరగా కుంచించుకుని నెర్రెలిస్తుంది.

*ప్రశ్న: మా తాతలు పాలకొల్లు వైపు నుంచి కర్ణాటకలో సింధనూరు దగ్గర క్యాంపుకి (వలస రైతుల ఊరికి) వెళ్లారు. అక్కడ వాళ్లు కట్టిన మట్టిల్లు బల్లపరుపు కప్పుతో ఉంది. గోదావరి ఇల్లులా ఎందుకు కట్టుకోలేదు?*

జవాబు: వాన లెక్క చూస్తే జవాబు దొరుకుతుంది. తుంగభద్ర డ్యాం 1953లో నీళ్లిచ్చాక మనవాళ్లు వెళ్లిన ఆ ప్రాంతంలో ఏడాదికి పడేది డెల్టా వానలో సుమారు సగమే. మట్టి మిద్దె అక్కడ నిలుస్తుంది, ఇక్కడ మొదటి తుపానుకే కారిపోతుంది. అక్కడ తాటాకు కూడా మన దగ్గరలా పెరట్లోంచి రాదు. కానీ లోపలికి వెళ్లి చూడండి. ఇంటి ముందు అరుగు, పెరటి వాకిలి, వంటిల్లు ఏ మూలన ఉంది అన్నవి చాలాసార్లు వచ్చిన ఊరి పద్ధతిలోనే ఉంటాయి. మీ కుటుంబ చరిత్రకి కప్పు కంటే ఆ నేల ప్లాను ఎక్కువ పనికొస్తుంది. దాన్ని గీయించి, పాలకొల్లు వైపు మిగిలిన దాయాదుల ఇంటి ప్లానుతో పక్కపక్కన పెట్టి పోల్చండి.

*ప్రశ్న: ఇక నిలబెట్టలేం, ఈ వేసవిలో ఇల్లు కూల్చేస్తున్నాం. గుర్తుగా ఏం దాచుకోమంటారు?*

జవాబు: కూల్చే ముందు రెండు రోజులు కొలతలకి కేటాయించండి. ప్రతి గది పొడవు, వెడల్పుతో పాటు రెండు మూలల మధ్య అడ్డ కొలత కూడా తీయండి. పాత గదులు చదరంగా ఉండవు, ఆ ఒక్క కొలత లేకపోతే ప్లాను గీసేటప్పుడు గోడలు కలవవు. గోడ మందం గుమ్మం దగ్గర కొలవండి. ప్రతి గోడకీ ఎదురుగా నిలబడి, పక్కన అడుగుల కర్ర పెట్టి ఫొటో తీయండి. అటక, చూరు లోపల, దూలాల అతుకులు మరిచిపోవద్దు.

గోడ ఒకచోట నిలువుగా కోసి పూతల పొరలు లెక్కపెట్టి ఫొటో తీసుకోండి. పూర్తి ఇటుక ఒకటి, పేరు అచ్చున్న పెంకు ఒకటి, మేకులు రెండు మూడు రకాలు, ఏవి ఎక్కడివో చీటీ కట్టి దాచండి. ఇటుకని ప్లాస్టిక్ సంచీలో పెట్టకండి, బూజు పడుతుంది. గుడ్డలో చుట్టండి. టేకు దూలాలు తీసేటప్పుడు చివరల్లో దుంగ మీద సుత్తి గుర్తులు, అంకెలు ఉన్నాయేమో చూడండి. ఏజెన్సీ నుంచి గోదావరి మీద తెప్పలుగా వచ్చిన కలపకి అలాంటి ముద్రలు ఉండే అవకాశం ఉంది. కోత మిషన్‌కి పంపారంటే మొదట కోసి పారేసేది ఆ చివరలనే. మట్టిని లారీకెత్తి పంపేయకండి. పేడ పూతలున్న పాత గోడ మట్టి, ఉప్పు పట్టనిదైతే, జల్లించి నానబెడితే కొత్త పూతకి బాగా పనికొస్తుంది. ఊళ్లో ఇంకో మట్టిల్లు బాగు చేసుకుంటున్నవాళ్లుంటే ముందు వాళ్లని అడగండి.